కొన్న గిన్నెల కన్నా అమ్మిన గిన్నెలు ఎక్కువ

మా తమ్ముడు యుగంధర్‌కి పెనుగొండ బజారులో స్టీలు సామాను కొట్టుంది. మనిషి బంగారం. నామోషీ ఒక్కటే కాస్త ఎక్కువ.

వాడి భార్య సాయిసుధ మస్కట్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఏ నెలకానెల డబ్బు పంపుతుంది. ఇందులో దాచాల్సిందేముందో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు. కానీ మా బజారులో కొట్లు కట్టేసేవేళ ‘ఇవాళ గల్లా ఎలా ఉందండి’ అని పలకరించుకోవడం ఆనవాయితీ. గల్లా బాగుంటేనే మనిషి బాగున్నట్టు. పెళ్లాం సంపాదన తింటున్నాడంటారని భయపడి మావాడు ఏం చేశాడనుకున్నారు? ఆమె పంపిన డబ్బు బ్యాంకులోంచి తీసి, కన్యకాపరమేశ్వరి అమ్మవారి పటానికి చూపించి, గల్లాలో వేసి, కొట్టు అమ్మకాల్లో కలిపేశాడు. ఆ లెక్కనే నెట్ సెంటర్‌లో రిటర్ను వేయించి పన్నూ కట్టేశాడు, మహానుభావుడు! పైగా కొట్టు ఎంత బాగా నడుస్తోందో చూడమని ఆ రిటర్ను ఫొటో తీసి సుధకి పంపాడు.

సుధ చూసి మురిసిపోయింది. ఇంత ఆదాయం ఉండగా తనకు ఈ పరాయి దేశం ఎందుకు, సోమవారమే రాజీనామా ఇచ్చేస్తానంది. మావాడికి కాళ్ల కింద భూమి కదిలింది. ఆమె జీతం ఆగితే కూతురి కాలేజీ ఫీజు కట్టలేడు, కొట్టు అద్దెకీ కష్టమే. శనివారం పొద్దున్నే మా ఇంటికొచ్చి ఉన్నదంతా కక్కేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చెడామడా తిట్టి, ఆడిటర్ ప్రసన్నలక్ష్మి గారి దగ్గరికి లాక్కెళ్లాను.

ఆవిడ కాగితాలు తిరగేసి నవ్వు ఆపుకోలేకపోయింది.

“మీ కొట్లో కొన్న గిన్నెల కన్నా అమ్మిన గిన్నెలు ఎక్కువున్నాయేంటండీ?”

మావాడు సుధ పంపిన డబ్బు సంగతి ఒప్పుకున్నాడు. భార్య అక్కడే ఉండి అక్కడే సంపాదించిన జీతానికి ఇక్కడ పన్ను లేదని, ఆమె భర్తకిచ్చిన డబ్బు భర్త ఆదాయం కాదని ఆవిడ నిదానంగా చెప్పింది. ఆ డబ్బు యుగంధర్ తన పేర డిపాజిట్ చేస్తే మాత్రం వచ్చే వడ్డీ సుధ ఆదాయంలోకే వెళుతుందట. గడువు ఇంకా ఉంది కాబట్టి రిటర్ను సవరిస్తే అదనంగా కట్టింది తిరిగొస్తుందంది.

పన్ను సంగతి తేలింది. సుధకి నిజం చెప్పడం మిగిలింది. నేను పక్కనే కూర్చుని ఫోను చేయించాను. వాడు నసుగుతూ నసుగుతూ అంతా చెప్పాడు.

“నా జీతానికి అక్కడా పన్ను లేదు, ఇక్కడా లేదు. మీరు కట్టింది నామోషీ పన్నండీ,” అని నవ్వేసింది సుధ. తర్వాత గొంతు తగ్గించి, “ఉద్యోగం మాననులెండి. కానీ మిమ్మల్ని చూడాలనుంది,” అంది.

మావాడు కళ్లు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను, అబద్ధమెందుకు.

డబ్బు తిరిగి రాగానే మస్కట్‌కి టికెట్టు కొన్నాడు. బయల్దేరే ముందురోజు కొట్టు కట్టేస్తుంటే పక్కకొట్టు దొరబాబు గారు అలవాటుగా గల్లా ఎలా ఉందని అడిగారు.

యుగంధర్ షట్టరు దించి, బజారంతా వినబడేలా చెప్పాడు.

“గల్లా ఖాళీయేనండి. మా ఆవిడ జీతం పడింది.”