చెంగల్రాయుడి క్లారినెట్టులో నా ముక్క

తిరుపతిలో పెళ్లి ఊరేగింపు కదిలిందంటే దానికి ఎడ్లబండి అడ్డం రాదు, ఆర్టీసీ బస్సు అడ్డం రాదు. నేను వచ్చాను. కారులో పెళ్లికొడుకు, ముందు బ్యాండు, వెనక ఊరంత చుట్టాలు. అందరినీ నడిరోడ్డులో నిలబెట్టి నా పరువును నేనే ఊరేగించుకున్నాను. ఎట్లాగో చెబుతాను, నవ్వుకోండి. మా ఇంటావిడకు మాత్రం చెప్పకండి. ఆమెకు ఇందులో సగమే తెలుసు.

డెబ్బైల చివర్లో నేను రైలు స్టేషను దగ్గర ఒక లాడ్జీలో గుమాస్తాను. లాడ్జీ గుమాస్తాకు అనుమానం ఉద్యోగంతోపాటే వస్తుంది. కొండ మీద పాపాలన్నీ వదిలి వచ్చినవాళ్లు కూడా కింద మా తువ్వాలు వదలరు. గది ఖాళీ చేసే ప్రతి మూటనూ కళ్లతోనే విప్పి చూసి పంపేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి అద్దంలో నా మొహం చూసినా 'వీడెవడో తేడాగా ఉన్నాడే' అనిపించేది.

ఒక ఆదివారం చిత్తూరు పోయి పాతసామాన్ల అంగట్లో ఒక చెక్కపెట్టె చూశాను. లోపల నల్లకర్ర, దానికి తెల్లటి మీటలు, మూడు నాలుగు ముక్కలు. "ఏందిది?" అంటే "ఏందో ఇంగ్లీసు పిల్లంగోవి సామీ. మా తాత నాటినుంచి ఈడే ఉండాది" అన్నాడు అంగడాయన. వెంటనే కొన్నాను. అంతకుముందు నేను వాయించిన వాయిద్యం లాడ్జీ కాలింగ్ బెల్లొక్కటే.

మా వీధి చివర బ్యాండు మాస్టరు చెంగల్రాయుడు ఉండేవాడు. పెట్టె తెరవగానే ఆయన కళ్లు మెరిశాయి. ఆ మెరుపు నాకు నచ్చలేదు.

"క్లారినెట్టప్పా ఇది! యాడ దొరికింది నీకు? మీటల కింద తోలుబిళ్లలు పోయుండాయి. రేపటిదాకా ఈడ పెట్టిపో, బాగుసేసి ఇస్తా."

మరునాడు అన్నమాట ప్రకారం ఇచ్చాడు. ఇంకేదో చెప్పబోతుంటే డ్యూటీకి టైమైందని పరుగెత్తాను. ఆ మాట విని ఉంటే ఈ కథ లేదు.

లాడ్జీలో మా మేనేజరు మునిరత్నం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏమప్పా, ఇంతేనా? క్లారినెట్టంటే ఇంకా పొడుగుంటాది గదా. ఎవురి దగ్గిరైనా పెట్టినావా?"

"చెంగల్రాయుడి దగ్గర."

"అదీ సంగతి! ఒక ముక్క నొక్కేసినాడు. పెట్టెలో సూడు, ఈ గుంట ఖాళీగా ఉండాది."

గుంట నిజంగానే ఖాళీగా ఉంది. అంతే. కందిరీగ చెవిలో దూరినట్టయింది నాకు. రోడ్డు మీద చెంగల్రాయుడు నవ్వి పలకరిస్తే 'దొంగనవ్వు' అనుకున్నాను. పలకరించకపోతే 'తప్పించుకుంటున్నాడు' అనుకున్నాను.

నాలుగో రోజు సాయంత్రం పెళ్లి ఊరేగింపుతో మా లాడ్జీ ముందుకే ఆయన బ్యాండు వచ్చింది. తలుపు దగ్గర నిలబడి ఆయన చేతిలో క్లారినెట్టు చూశాను. అదే నల్లకర్ర, అవే తెల్లమీటలు. నాదానికంటే జానెడు పొడుగు! నా ముక్క కలుపుకొని నా ఎదురుగానే వాయిస్తున్నాడు! పెట్టె చంకన పెట్టుకొని బ్యాండుకు అడ్డంగా దూకాను.

"ఆపండి! దాంట్లో నా ముక్క ఉంది!"

డోలు ఆగింది. బూరలు ఆగాయి. కారు గక్కున ఆగి పెళ్లికొడుకు తలపాగా కళ్ల మీదికి జారింది.

"ఏం ముక్కప్పా?" అన్నాడు చెంగల్రాయుడు.

"నువ్వు నొక్కేసిన ముక్క! లేకుంటే నాది పొట్టిగా, నీది పొడుగ్గా ఎట్లుంది?"

ఆయన మొహం వాడిపోయింది. కోప్పడి ఉంటే బాగుండేది. తన క్లారినెట్టును ముక్కలు ముక్కలుగా విడదీసి కారు ముందుభాగం మీద వరుసగా పేర్చాడు.

"నలుగురూ సూస్తా ఉండారు. నీది ఏదో ఎత్తుకో."

నేను ఒక్కొక్క ముక్కే తీసి నాదానికి తగిలించబోయాను. ఒకటీ పట్టలేదు. పెద్ద అండా మూత తెచ్చి చెంబు మీద పెట్టినట్టుంది. అప్పుడు ఆయన నా పొట్టిదాన్ని అందుకొని ఊదాడు. ఏం చెప్పను! ఆకాశంలో పిట్ట కూసినట్టు సన్నగా, పైకి పైకి పోయింది.

"ఇది సిన్న క్లారినెట్టప్పా. పుట్టుకే ఇంత. మిలిటరీ బ్యాండుల్లో పైస్థాయి పలికేదానికి పెట్టుకుంటారు. ఆ పొద్దు సెప్పబోతే పరిగెత్తితివి. ఆ గుంట తుడిసే గుడ్డ పెట్టుకొనేదానికి."

అక్కడితో దండం పెట్టి తప్పుకుంటే సగం పరువైనా మిగిలేది. కారులోంచి పెళ్లికొడుకు అవ్వ తల బయటపెట్టింది. "దొంగ అంటివి గదరా నాయనా. నీదే గదా అది, నువ్వు ఊదు సూస్తాం!" అంది.

పౌరుషం పొడుచుకొచ్చింది. చేతిలోది గబుక్కున జేబులో వేసుకొని నా క్లారినెట్టు లాక్కున్నాను. బుగ్గలు పూరీల్లా పొంగించి ఊదాను. మొదట గాలి వచ్చింది. తర్వాత దూడ గొంతు పిసికినట్టు ఒక కేక. పక్కసందులో కట్టేసిన ఎనుము ఒకటి ఆత్రంగా బదులు పలికింది.

"తల్లి పిలస్తా ఉండాది, పోప్పా!" అన్నాడు డోలాయన.

ఆ నవ్వులో పెట్టె సర్దుకొని ఎట్లా పారిపోయానో తెలియదు. మరునాడు క్షమాపణ అడగాలని అరటిపండ్లు కొని తెచ్చుకునేసరికి చెంగల్రాయుడే లాడ్జీకి వచ్చి కూర్చుని ఉన్నాడు. ఎదురుగా మునిరత్నం.

"మాస్టరూ, తప్పయిపోయింది" అని కాళ్ల మీద పడబోయాను.

"దానికేమి లేప్పా, వయసు. నిన్న ముహూర్తానికి ఉత్త డోలూ బూరలతోనే కానిచ్చినాము. నా క్లారినెట్టులో ఒక ముక్క కనపళ్లేదు. యాడైనా సూసినావా?"

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటాడట. నేను ఒంటిమీదున్న నిన్నటి చొక్కా జేబు తడుముకున్నాను. బొటనవేలంత ముక్క, నిన్న అవ్వ ఊదమన్నప్పుడు చేతిలోంచి జేబులో వేసుకున్నది వేసుకున్నట్టే ఉంది.

మునిరత్నం నా జేబునూ నన్నూ మార్చి మార్చి చూశాడు. సరిగ్గా నేను మూటలను చూసే చూపు.

ఆ క్షణమే ఏడుకొండల వైపు తిరిగి ఒట్టు పెట్టుకున్నాను: బతికున్నంత కాలం ఎవరినీ దొంగ అనను. తప్పనిసరై అనాల్సి వస్తే, ముందు చొక్కా విప్పి దులుపుకొని మరీ అంటాను.