విడాకులు ఇచ్చిందెవరు

వెర్డీ గేహార్ట్ బస్సు దిగితేనే జనానికి ఆమె మీద జాలి. స్టీరింగు వెనక ఉన్నంతసేపూ ఎవరికీ ఆ ధైర్యం చాలదు. కెంటకీ తూర్పు కొండల్లో, ఎదురుగా లారీ వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోక తప్పని దారుల్లో, మంచు పడ్డా వాగు పొంగినా పిల్లల్ని బడికి చేర్చే మనిషి ఆమె. అద్దంలోంచి ఒక్క చూపు చూసిందంటే వెనక సీట్లో కొట్లాట చప్పున చల్లారుతుంది. అలాంటి మనిషి చర్చి గడప తొక్కగానే "పాపం వెర్డీ" అయిపోయేది. మొగుడు వదిలేసిన ఆడది కదా, పాపం.

మొగుడు డెల్మర్ స్లోన్. ఆ చర్చిలో పాట ఎత్తేవాడు. అతను ఒక చరణం ఎత్తి ఇస్తే జనమంతా దాన్ని అందుకుని సాగదీసేవాళ్లు. అంత గొంతున్నవాడు కాబట్టి తప్పు అతనిదేనని ఒప్పుకుంటూనే ఊరు అతన్ని క్షమించింది. భార్యను వదిలేయడమే కాక తన ఇంటిపేరు కూడా వెనక్కి లాక్కున్నాడని చెప్పుకున్నారు. ఆ కథ అందరికీ నచ్చింది. వదిలేయబడ్డ ఆడదాని ఇంటికి బీన్స్ కుండలూ మొక్కజొన్న రొట్టెలూ వస్తాయి. వదిలేసి వచ్చిన ఆడదానికి మాత్రం తలుపులు మూసుకుంటాయి. భక్తిపరులకు ఈ తేడా పాటించడంలో ఎప్పుడూ పొరపాటు జరగదు.

డెల్మర్ పోయిన శీతాకాలంలో చనిపోయాడు. ఆ తర్వాతి వేసవిలో వెర్డీ లైసెన్సు గడువు అయిపోయింది.

లైసెన్సు ఆఫీసులో కళ్లజోడు పెట్టుకున్న అమ్మాయి తెర వైపు చూసి అడిగింది. "పుట్టినప్పుడు గేహార్ట్. లైసెన్సు మీదా గేహార్టే. మరి పింఛను ఆఫీసు లెక్కల్లో ఈ స్లోన్ ఎవరండీ?"

"నేనే. అక్కడొక్కచోటే మార్పించుకోలేదు."

"అయితే విడాకుల తీర్పు తెండి. ఇంట్లో ఉన్న జిరాక్సు పనికిరాదు, కోర్టు ముద్ర వేసిన నకలు కావాలి. మీ పుట్టింటి పేరు మీకు తిరిగి ఇచ్చినట్టు అందులో రాసుండాలి. అంతవరకూ కొత్త లైసెన్సు రాదు."

ఇంట్లో జిరాక్సు కూడా లేదు. ఉన్న కాగితం మొన్నటి వరదలో మంచంతో పాటు కొట్టుకుపోయింది. బడి తెరిచేలోగా లైసెన్సు రాకపోతే ఆమె రూటు ఇంకొకరికి ఇస్తామని స్కూలు రవాణా అధికారి ఫోన్ చేశాడు. "ఈ వయసులో ఇంకెందుకండీ శ్రమ, హాయిగా కూర్చోండి" అని తోక కూడా తగిలించాడు. హాయిగా కూర్చోమన్న మాట వినగానే వెర్డీకి అరికాలి మంట నెత్తికెక్కింది.

లైసెన్సు లేదు కనుక కోర్టుకు తీసుకెళ్లడానికి ఇమోజీన్ వచ్చింది. ఇమోజీన్ డెల్మర్ చెల్లెలు. అన్న చేసిన అన్యాయానికి సిగ్గుపడి, ఊళ్లో అందరికంటే ఎక్కువ బీన్స్ కుండలు మోసింది ఆమే. వెర్డీని ఇప్పటికీ వదినా అనే పిలుస్తుంది. ఎవరైనా నవ్వితే, "విడాకులు మా అన్న ఇచ్చాడు, నేనివ్వలేదు" అని నోరు మూయించేది. మనసు వెన్నే గానీ బండి నడపడం మాత్రం రానే రాదు. మలుపు వచ్చినప్పుడల్లా వెర్డీ తన వైపు లేని బ్రేకును కుడికాలితో తొక్కుతూ కూర్చుంది.

కోర్టు గుమాస్తా షెల్బీ, గాజు కిటికీ వెనకనుంచి చూసి లేచి నిలబడింది. "మిస్ వెర్డీ! గుర్తున్నానా? చూయింగ్ గమ్ అంటించినందుకు ఏడాదంతా నన్ను మీ వెనక సీట్లోనే కూర్చోబెట్టారు."

"ఆ సీటుకి ఇంకా మరక ఉంది" అంది వెర్డీ.

షెల్బీ పకపకా నవ్వి కంప్యూటర్లో వెతికింది. తర్వాత లోపలికెళ్లి పాత రిజిస్టర్లు తిరగేసింది. విడాకులైన ఏడు చూసింది, ఆ ముందు ఏడూ చూసింది, తర్వాత ఏడూ చూసింది. చేతులు దులుపుకుంటూ వచ్చింది. "స్లోన్లు బోలెడుమంది ఉన్నారు గానీ డెల్మర్ స్లోన్ లేడండీ. ఈ కోర్టులో మీ విడాకులు జరగలేదు."

"ఎలా జరగవు తల్లీ?" అని ఇమోజీన్ కిటికీకి అతుక్కుపోయింది. "పెళ్లి ఈ ఊళ్లోనే అయింది. కాపురం ఈ ఊళ్లోనే చేశారు."

"పెళ్లి ఎక్కడైతే ఏంటండీ? కాపురం ఎక్కడ చేస్తే ఏంటి? దావా ఏ కౌంటీలో పడితే కాగితం ఆ కోర్టులోనే ఉంటుంది. ఇక్కడ లేదంటే వేరే కౌంటీలో పడి ఉండాలి." షెల్బీ గొంతు తగ్గించింది. "లేదంటే అసలు పడలేదేమో."

ఆ కాగితం ఎక్కడుందో వెర్డీకి తెలుసు. బయల్దేరినప్పుడే తెలుసు. ఇమోజీన్ బండిని ఇటు తిప్పినప్పుడు కాదనలేకపోయింది. కాదంటే ఎందుకని అడుగుతుంది. ఆ ఎందుకుకి జవాబు చెప్పనని వెర్డీ ఒకప్పుడు మాటిచ్చి ఉంది.

డెల్మర్ చెడ్డవాడేం కాదు. తాగడు, కొట్టడు. ట్రక్కు తాళాలు మాత్రం బెల్టుకు కట్టుకుని తిరిగేవాడు. నేర్పించమని వెర్డీ అడిగితే, "నీకెక్కడికి పోవాలో చెప్పు, నేను దింపుతాగా" అనేవాడు. ఆ జవాబు విని విని, ఒక వసంతంలో టపా బండి ఎక్కి కొండ అవతల పిన్ని ఇంటికి వెళ్లిపోయింది. అక్కడ బడిలో వంటపని చేసింది. బడి వెనక ఖాళీ స్థలంలో, వంటవాళ్లు వద్దు వద్దంటున్నా, బస్సు నడపడం నేర్చుకుంది. అక్కడి కోర్టులోనే దావా వేసింది. తీర్పు వచ్చాక సామాన్ల కోసం తిరిగొస్తే డెల్మర్ వంతెన మీద ఎదురుపడ్డాడు.

"నువ్వే నన్నొదిలేశావని తెలిస్తే, నేను పాట ఎత్తితే ఇక ఎవడు అందుకుంటాడే?"

ఆ మాటకి వెర్డీకి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. "నీకేం చెప్పుకోవాలనుంటే అది చెప్పుకో డెల్మర్. నేను కాదనను" అంది.

కాదనలేదు. ఆ వంతెన కింది వాగు ఒడ్డునే ఇల్లు తీసుకుంది, బడి బస్సు ఉద్యోగం సంపాదించింది. రోజూ పొద్దున్నే, ఆ లోయలోకెల్లా పెద్ద బండిని అతని వసారా ముందునుంచి నడుపుకుంటూ పోయింది. ఊరు ఏమనుకున్నా డెల్మర్‌కి తెలుసు కదా. అది చాలనుకుంది.

ఇప్పుడు కిటికీ దగ్గర ఇమోజీన్ మొహం జేవురించింది. "అసలు దావాయే పడలేదా? అంటే విడాకులివ్వకుండానే ఇచ్చానని మాకందరికీ చెప్పి తిరిగాడా మా అన్న? వదినా, నువ్వింకా చట్టప్రకారం వాడి పెళ్లానివేనా? ఛీ! చర్చిలో పాటలెత్తే నోటితో ఎంత అబద్ధమాడాడు! సమాధి దగ్గరకెళ్లి మరీ తిడతాను చూడు."

వెర్డీ ఆమెకేసి చూసింది. డెల్మర్ పరువు కాపాడుతుందనుకున్న మౌనమే ఇప్పుడు చచ్చినవాణ్ణి మోసగాణ్ణి చేస్తోంది. మరోపక్క బస్సు చెయ్యిజారిపోతోంది. ఇక ఆ మౌనం ఎవరికీ పనికొచ్చేది కాదు.

"బండి తియ్యి ఇమోజీన్. కొండ దాటాలి."

"మా అన్నా? కొండెక్కితే తల తిరుగుతుందనేవాడు! దావా వెయ్యడానికి అంత దూరం పోయాడా?"

"రోడ్డు చూడు" అంది వెర్డీ.

కొండవతల కోర్టులో గుమాస్తా పెద్దాయన. ప్యాంటు భుజాల పట్టీలు సర్దుకుంటూ తాపీగా అడిగాడు. "అప్పటి పేరేమిటమ్మా? సుమారు ఏ ఏడు? కేసు నంబరుంటే మంచిది, లేకపోయినా పర్వాలేదు. పాత కేసులు దావా వేసినవాళ్ల పేరు మీదే రాసి పెట్టారు. ఎవరు వేశారు, ఆయనా మీరా?"

గదిలో ఇంకో ఇద్దరు వరుసలో ఉన్నారు. ఇమోజీన్ పక్కనే ఉంది. వెర్డీ బస్సులో పిల్లలకి వినపడేలా మాట్లాడే గొంతుతో చెప్పింది.

"నేనే వేశాను. వాది వెర్డీ స్లోన్. ప్రతివాది డెల్మర్ స్లోన్."

ఇమోజీన్ చేతిసంచి జారి కింద పడింది. ఎవరూ తియ్యలేదు.

పెద్దాయన ఫైలుతో వచ్చాడు. ఏ పేజీలు కావాలో అడిగి, జిరాక్సు తీసి, అసలుకి నకలు సరిపోయిందని సంతకం పెట్టి, కాగితం ఉబ్బేలా ముద్ర నొక్కాడు. ఇంకోటి కూడా తీసుకోండమ్మా, ఆఫీసులవాళ్లు ఇచ్చింది తిరిగివ్వరు అన్నాడు. వెర్డీ రెండు తీసుకుంది. ఇమోజీన్ ఒకటి లాక్కుని మెట్ల మీదే చదివింది.

"'భార్య కోరిన మీదట ఆమె పుట్టింటి పేరు గేహార్ట్ ఆమెకు తిరిగి ఇవ్వడమైనది.' భార్య కోరిన మీదట!" ఆమె గొంతు కీచుమంది. "ప్రతి క్రిస్మస్ భోజనం దగ్గరా మా అన్నని కడిగేశానే! ఒక్కసారైనా తలెత్తి ఎదురు చెప్పలేదే!"

"తలెత్తితే నిజం చెప్పాలిగా."

"నువ్వైనా చెప్పొచ్చుగా!"

"మాటిచ్చాను."

"మరి నేను మోసిన బీన్స్ కుండల సంగతేంటి?"

"బాగుండేవి. చెప్పకపోవడానికి అవీ ఒక కారణమే."

ఇమోజీన్ మెట్ల మీద కూలబడింది. ఏడుస్తుందనుకుంటే పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వాగాక మెల్లగా అడిగింది. "ఎందుకొదిలేశావు వదినా?"

"తాళాలివ్వలేదు."

ఇమోజీన్ తన చేతిలోని తాళాలకేసి చూసుకుంది. డెల్మర్ బెల్టు ఆమెకీ తెలుసు. ఆమె నాన్న బెల్టూ తెలుసు. చెయ్యి చాపి, "ఇదిగో, నువ్వే నడుపు. కొండ దిగేదాకా ఎవడు చూడొచ్చాడు?" అంది.

"లైసెన్సు లేకుండా నేను బండి ముట్టను" అంది వెర్డీ. "నువ్వే నడుపు. మలుపు దగ్గర మాత్రం నే చెప్పినట్టు విను."

పింఛను ఆఫీసులో పేరు మారింది, లైసెన్సు వచ్చింది. బడి తెరిచే ముందు ఆదివారం బోధకుడు కళ్లు మూసుకుని, భర్త విడిచిపెట్టిన మన సోదరి వెర్డీని కాపాడు ప్రభూ అని మామూలుగానే మొదలుపెట్టాడు. ఇమోజీన్ లేచి నిలబడింది.

"ఆగండి. దేవుడికి తప్పు సమాచారం ఇవ్వకండి. విడిచిపెట్టింది ఆమె."

బోధకుడు కళ్లు తెరిచాడు. జనమంతా వెనక బల్లవైపు తిరిగారు. వెర్డీ తల వంచలేదు. ఊరూరా చెప్పుకోలేదు గానీ, అడిగితే కాదనే పనీ లేదిప్పుడు. "అవును" అంది.

ఆ ఆదివారంతో చాలా ఇళ్లనుంచి కుండలు రావడం ఆగిపోయింది. పాపం అనడం కూడా ఆగిపోయింది. రెంటికీ వెర్డీ బాధపడలేదు. బడి తెరిచిన రోజు పొద్దున్న ఇమోజీన్ మాత్రం కుండతో రోడ్డు పక్కన నిలబడి చెయ్యి ఊపింది. వెర్డీ వేగం తగ్గించి కిటికీ తీసింది గానీ ఆపలేదు.

"బడిపిల్లలకి తప్ప బస్సు ఆగదు ఇమోజీన్!"

"మీ ఇంటి మెట్ల మీద పెట్టిపోతాలే!" అని బస్సు వెంట రెండడుగులు పరుగెత్తి అరిచింది ఇమోజీన్. "విడాకులు మా అన్నకిచ్చావు, నాకివ్వలేదు!"

వెనక సీట్లో పిల్లలు గొల్లుమన్నారు. వెర్డీ అద్దంలోకి చూసింది. ఈసారి ఎవరినీ ఊరుకోమనలేదు.