అల్లుడు రాసిన తుపాను

ఐస్‌లాండ్ ఉత్తర తీరంలోని ఆ రేవు ఊరి గ్రంథాలయంలో, గ్రంథపాలకురాలు స్టెయిన్‌వర్ పరీక్షించకుండా ఏ జీవితచరిత్రా బీరువా ఎక్కేది కాదు. రాసింది కొడుకా, పగవాడా, పైకం పుచ్చుకున్నవాడా అని ముందు ఆరా తీసేది. ఆ తర్వాతే అట్ట లోపల చీటీ అంటించేది: "రాసింది కూతురు. తేదీలకు నమ్మవచ్చు, తగాదాలకు వద్దు." పోయినవాళ్లకు స్నేహితులు పత్రికలో రాసే నివాళులనైతే అసలు లెక్కలోకే తీసుకునేది కాదు. ఆ ఊళ్లో పోయినవాళ్లంతా దేవుళ్లే మరి.

ఒకరోజు ముసలి కెప్టెన్ థోర్బెర్గ్ తన జీవితచరిత్రను చంకన పెట్టుకుని వచ్చాడు.

"ఇంటికిచ్చే పుస్తకాల్లో కాదే పిల్లా, అదిగో, ఆ పెద్ద బీరువాలో పెట్టు. బడిపిల్లలు చూసి రాసుకునేది అందులోవే కదా!"

"రాసింది మీ అల్లుడా? అయితే నీకు రెక్కలు కూడా మొలిచే ఉంటాయి బాబాయ్!"

"చదివి చూడు మరి" అన్నాడాయన, ఎందుకో కిటికీ వైపు తిరిగి.

ఆమె పుస్తకం తెరిచి చదివింది. తుపానులో చేపల పడవ ఇంజను ఆగిపోతే, థోర్బెర్గ్ ఒక్కడే కిందికి దిగి బాగుచేసి అందరినీ ఒడ్డుకు చేర్చాడట. స్టెయిన్‌వర్ ఆ పేజీని మళ్లీ మొదటినుంచి చదివింది. ఆ పడవలో ఇంజను చూసుకున్నది ఆమె తండ్రి ఈస్లేవ్. పుస్తకంలో ఆయన పేరే లేదు. తండ్రి పోయినప్పుడు ఇదే థోర్బెర్గ్ పత్రికలో రాశాడు: "ఈస్లేవ్, మమ్మల్ని ఇంటికి తెచ్చింది నువ్వే." ఎంత నమ్మాలని ఉన్నా, ఓదార్పు మాటేలే అని ఆమె ఇన్నేళ్లూ దాన్ని నమ్మలేదు.

"అప్పుడది రాసిందీ నువ్వే, ఇప్పుడిది తెచ్చిందీ నువ్వే బాబాయ్. దేన్ని నమ్మను?" అని అడిగింది.

ఆయన ఉన్ని టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అల్లుడు ముచ్చటపడి రాశాడు. నేనూ చదివి మురిసిపోయి నోరు మూసుకున్నా. పొగిడితే ఎవరికి చేదే? కానీ మీ నాన్నకి రాసింది వాడితో మాట్లాడుతున్నట్టు రాశాను. పడవ అడుగున ఆ ఇంజను పక్కన ఎవరున్నారో వాడికి తెలుసు. వాడికే అబద్ధం ఎలా చెప్పనే?"

పుస్తకంలో గీత గీస్తే పెద్దవాళ్లని కూడా చూడకుండా చెడామడా తిట్టే స్టెయిన్‌వర్, తన పెన్ను మూత తీసి ఆయన చేతికిచ్చింది. థోర్బెర్గ్ ఆ పేజీలో తన పేరు కొట్టేసి, పైన ఈస్లేవ్ అని రాసి, పక్కన సంతకం పెట్టాడు.

ఆమె కళ్లు తుడుచుకుని చీటీ రాసి, పుస్తకాన్ని పెద్ద బీరువాలో పెట్టింది.

"రాసింది అల్లుడు. తుపాను పేజీని మాత్రం పూర్తిగా నమ్మవచ్చు."