పదేళ్లు నోరు విప్పని హీరో

ఒక ప్రేమకథా సినిమాని ఊరంతా ఆహా ఓహో అంటున్న రోజుల్లోనే నాకు పెళ్లిచూపులు జరిగాయి. మా బడి స్టాఫ్‌రూంలో అయితే అది నచ్చలేదన్నవాళ్లని మనుషులే కాదన్నట్టు చూసేవారు. చూపులు ఇంట్లో కాదు, మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీం దుకాణం ముందు. పెద్దవాళ్లు ఒక బల్ల దగ్గర, మేమిద్దరం ఇంకో బల్ల దగ్గర. అబ్బాయిది పాత హైదరాబాదీ కుటుంబం, నాంపల్లిలో ఒక ఆఫీసులో గుమాస్తా. మాది తాతగారి కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఇల్లు. నేను అబిడ్స్‌లో టీచర్ని.

మాటల్లో సినిమా వచ్చింది.

"నేను మూడుసార్లు చూసిన. మూడుసార్లూ ఏడ్చిన," అన్నాడు, ఏమాత్రం సిగ్గుపడకుండా. అక్కడే నచ్చేశాడు. కానీ నా నోరు ఊరుకుంటుందా?

"ఏముందండీ అందులో? ఎదురింటి అమ్మాయిని ప్రేమించి పదేళ్లు నోరు విప్పడు. ఆమె పెళ్లి చేసుకుని వెళ్లిపోతుంటే రైలు వెనక పరుగెడతాడు. ఒక్క మాట అనుంటే సినిమా ఇంటర్వెల్‌కే అయిపోయేది. కెమెరా బాగుంది, పాటలు బాగున్నాయి, కాదనను. ఆ పిరికితనాన్ని గొప్ప ప్రేమ అని రాసినవాళ్లకి మాత్రం దండం పెట్టాలి!"

"చెప్పుడు గంత అల్కగ ఉంటదా అండీ?" అన్నాడు నెమ్మదిగా. ఈలోగా పెద్దవాళ్లు లేచారు.

వారం గడిచినా కబురు లేదు. "అబ్బాయి తరపువాళ్లే ముందు చెప్పాలి. మనం అడిగితే చులకనైపోతాం. అయినా పెళ్లిచూపుల్లో సినిమా మీద పోట్లాటేమిటే? నీ నోరే నీ కొంప ముంచింది," అని అమ్మ సణిగింది. పైకి "పోతే పోనీ" అన్నాను గానీ, ఫోన్ మోగినప్పుడల్లా అందరికన్నా ముందు నేనే పరుగెత్తేదాన్ని. నాకు అతనే కావాలి. అంతకుముందు వచ్చిన ఏ సంబంధానికీ ఇలా అనిపించలేదు.

పదో రోజు బడి అయ్యాక నేరుగా నాంపల్లిలో అతని ఆఫీసుకి నడిచాను. నన్ను చూసి గబగబా మెట్ల దాకా వచ్చాడు.

"నాకు మీరు నచ్చారు. నేను నచ్చకపోతే మొహం మీదే చెప్పండి, ఏమీ అనుకోను," అన్నాను. ఏమీ అనుకోననడం పచ్చి అబద్ధం.

అతను తెల్లమొహం వేశాడు. "అయ్యో, మేమే మీ ఫోన్ కోసం చూస్తున్నం! మా ఇండ్లల్ల పిల్ల ఔ అన్నదాక పిల్లగాని తరపోళ్లు నోరెత్తరు. గది మర్యాద. మీకు నేను నచ్చలేదేమోనని మా అమ్మకు ఒకటే ఫికర్."

మర్యాద పేరు చెప్పి రెండిళ్లవాళ్లమూ పది రోజులు నోళ్లు కుట్టుకుని కూర్చున్నామన్నమాట! నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

నేను కళ్లు తుడుచుకుంటుంటే అడిగాడు, "ఇప్పుడన్న ఒప్పుకుంటరా, సినిమా మంచిగుందని? మనం గూడ గట్లనే కూసున్నం గద."

"ఒప్పుకోను," అన్నాను. "నేను వచ్చేశానుగా."