ఆపరేషనైన మోకాలితో మనాలి మంచు మీదికి

మోకాలి ఆపరేషన్ తర్వాత నన్ను అందరూ కుర్చీలో కూర్చోబెట్టాలని చూశారు. నేను రాజమండ్రిలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని, వయసు నలభై నాలుగు. డాక్టరుగారే పరిగెత్తమన్నారు. మా లెక్కల మాస్టారు మాత్రం, "ఇంకెందుకండీ ఈ గంతులు? ఆఫీసు పని అడిగి తీసుకోండి, హాయిగా ఉంటది" అన్నారు. ఆ మాట గుచ్చుకుంది. ఆ ఫిబ్రవరిలోనే సెలవు పెట్టి, మా ఆడపడుచు విజయతో మనాలి వెళ్ళి పన్నెండు రోజులు, కాళ్ళకి పలకలు కట్టుకుని మంచు మీద జారే స్కీయింగ్ నేర్చుకున్నాను. అంతటితో ఆగాలనిపించలేదు. జనం లేని కొండను సొంత కాళ్ళతో ఎక్కి, అక్కణ్ణుంచి జారాలి. ఏడాదంతా పొద్దున్నే పది కిలోల బియ్యం వీపున వేసుకుని గోదావరి బ్రిడ్జి ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాను. మొన్న ఏప్రిల్లో ఇద్దరం మళ్ళీ బయల్దేరాం.

విజయవాడలో ఢిల్లీ రైలు, ఢిల్లీలో మనాలి బస్సు. బస్సు పద్నాలుగు గంటలన్నారు, పదిహేడు పట్టింది. దారికే మూడు రోజులు పెట్టుకోండి. గైడు, గుడారం, అద్దె సామాను కలిపి ఇద్దరికీ రోజుకి రెండున్నర వేలు. మా గైడు దోర్జే యాభై ఏళ్ళ స్థానికుడు. ఆయన మాట్లాడింది హిందీ, నాది బళ్ళో నేర్చుకున్న హిందీ. నా స్కీల అడుగున వెనక్కి జారకుండా పట్టే బొచ్చు పట్టీలు అతికించాడు. విజయది స్ప్లిట్‌బోర్డు. ఎక్కేటప్పుడు రెండు స్కీలుగా విడిపోతుంది, దిగేటప్పుడు కలిపితే ఒకే పలక.

"రాత్రి గడ్డకట్టిన మంచు ఎండెక్కితే వదులైపోతుంది, విరిగి జారుతుంది. ఎనిమిదికి ఎక్కడున్నా వెనక్కి తిరగాల్సిందే" అన్నాడు దోర్జే, ముందురోజు సాయంత్రం కొండ కింద గుడారం వేశాక.

తెల్లవారుజామున నాలుగింటికి పరోటాలు పెడుతూ వంటాయన, "అమ్మా, మీరు టీ తాగుతూ ఇక్కడే ఎండ కాగండి" అన్నాడు.

"ఎండ మా ఊళ్ళో బోలెడుంది" అని చెప్పి లేచాను.

తలకి లైట్లు కట్టుకుని అడ్డదిడ్డంగా మలుపులు తిరుగుతూ మూడు గంటలు ఎక్కాం. ఒక మలుపులో స్కీ పట్టు తప్పింది. అద్దంలాంటి మంచు మీద ముప్ఫై అడుగులు జారి ఒక దిబ్బకి తగిలి ఆగాను.

విజయ అరిచింది. "వదినా! కాలు కదుపు! దిగిపోదామా?"

దోర్జే వచ్చి, "చాలు మేడమ్. మీరు బాగానే ప్రయత్నించారు" అన్నాడు.

ఆ 'ప్రయత్నించారు' అన్న మాటకి ఒళ్ళు మండింది. "టైమెంత?" అన్నాను.

"ఏడుంపావు."

"మీరు చెప్పింది ఎనిమిది కదా?"

ఆయన నవ్వలేదు. నా మోకాలు నొక్కి చూసి, రెండుసార్లు కూర్చుని లేవమన్నాడు. లేచాను. ముందుకు నడిచాడు.

ఎనిమిదయ్యేసరికి శిఖరం ఇంకా మూడొందల అడుగులు పైన ఉంది. ఎండ తగిలిన మంచులోకి చేతికర్ర లోతుగా దిగుతోంది.

"ఇంకో అరగంటే కదండీ!" అని విజయ బతిమాలింది. దోర్జే నా వైపు చూశాడు. నాకూ వెళ్ళాలనే ఉంది. కానీ ఇందాక ఆ ఎనిమిదినే పట్టుకుని వాదించింది నేను. "దిగుదాం" అన్నాను. కళ్ళజోడులోపల కన్నీళ్ళు.

పట్టీలు పీకి దిగడం మొదలుపెట్టాక ఏడుపు మర్చిపోయాను. పైపొర బొంబాయి రవ్వలా వదులుగా ఉంది, దాని కింద గట్టి. స్కీలు సుయ్యిమంటూ తిరిగాయి. రెండుసార్లు పడ్డాను, రెండుసార్లూ నా అంతట నేనే లేచాను. పక్కన విజయ పలక మీద గొంతు చించుకుని అరుస్తూ దిగింది. తొమ్మిదికి గుడారం దగ్గరున్నాం. ఇంకాసేపటికి అవతలి వాలు మీద మంచు విరిగిపడింది. అందరం టీ గ్లాసులు పట్టుకుని లేచి నిలబడ్డాం.

పైదాకా వెళ్ళారా అని అడిగేవాళ్ళకి లేదనే చెబుతున్నాను, సిగ్గుపడకుండా. నా దగ్గర శిఖరం మీది ఫోటో లేదు. కానీ ఎక్కడ ఆగాలో కొండ మీద నిలబడి నేను తేల్చుకున్నాను. కింద కూర్చున్నవాళ్ళు తేల్చలేదు. నాకు కావలసింది అదే. వచ్చే ఏప్రిల్‌కి సెలవు చీటీ ఇచ్చేశాను. మీరు వెళ్ళేటట్టయితే ఒకటే సలహా: వెనక్కి తిరిగే టైము ముందురోజు సాయంత్రమే గైడుతో అందరి ముందూ ఖాయం చేసుకోండి, కొండ మీద దాన్ని బేరమాడకండి. మీ వయసు గురించి మాత్రం ఎవరితోనూ చర్చ పెట్టుకోకండి.