ఈడ అలుగున్నది

అలగడంలో మైసయ్యను మించినవాడు చౌటుప్పల్ చుట్టుపక్కల లేడు. పప్పులో ఉప్పు తక్కువైతే అలుగుతాడు. సరిపోతే, తనను అడక్కుండా ఎట్లా సరిపోయిందని అలుగుతాడు. అలిగాడంటే ఎండాకాలమైనా సరే గొంగడి నిండా కప్పుకొని ఉండలా ముడుచుకోవాల్సిందే. అప్పుడు తల ఎటుందో, కాళ్లు ఎటున్నాయో భార్య జంగమ్మకు కూడా అంతుపట్టదు.

"ఏమయ్యా, లోపలున్నవా?" అని తట్టేది.

"లేను."

మొన్నీమధ్య ఊరవతల మెట్ట చెలకను ప్లాట్లు చేయడానికి కృష్ణకాంత్ అనే వ్యాపారి జేసీబీ దింపాడు. కొనేవాళ్లను కార్లలో తీసుకొచ్చాడు. మైసయ్య ఆ చెలకలోని చెదపుట్ట పక్కన నిలబడి గొంతు చించుకున్నాడు.

"ఈడ అలుగున్నది! తవ్వొద్దు!"

అలుగంటే నిండిన చెరువు పొర్లి పారే చోటు. అక్కడ కట్టిన ఇల్లు సర్కారువాళ్లు ఎప్పుడు కూలుస్తారో తెలియదని పట్నంవాళ్లకు భయం. గుండెలు పట్టుకుని కార్లెక్కారు.

"చెరువు గంత దూరముంటే అలుగు ఈడెట్లుంటది పెద్దమనిషీ? జర చూపియ్యి!" అని కృష్ణకాంత్ మీదికొచ్చాడు.

"అంటే నేను అబద్ధమాడుతున్ననా?"

అలిగాడు. పుట్ట పక్కనున్న బొక్కకు అడ్డంగా గొంగడి కప్పుకొని పడుకున్నాడు. సర్వేయరు వచ్చి తేల్చేదాకా జేసీబీ ఆగక తప్పలేదు.

రెండు రోజులు సద్ది అక్కడికే మోసిన జంగమ్మ, మూడోనాడు ఒళ్లు మండి గొంగడి లాగేసింది. మైసయ్య నోటి మీద వేలేసుకుని బొక్కలోకి సెల్లు లైటు వేశాడు. ఒంటినిండా పెంకులున్న జంతువొకటి, పిల్లను పొట్టకు హత్తుకుని ముడుచుకుని నిద్రపోతోంది.

"ఓయమ్మ! గీ అలుగా? మొదలే చెప్పొద్దా?"

"చెప్తే పెంకులమ్ముకునేటోళ్లు జేసీబీ కన్న ముందొస్తరు. రాత్రి చీమలు, చెదలు తిని బతికేది. కరుద్దామంటే పండ్లన్న లేవు. భయమైతే ముడుసుకునుడొక్కటే ఎరుక దానికి. పిల్లను తోక మీదెక్కించుకొని గుట్టకు పోయేదాక ఆగాలె."

ఇన్నేళ్ల కాపురంలో మొగుడి అలక జంగమ్మకు మొదటిసారి ముద్దొచ్చింది. దూరంగా సర్వేయరు బండి కనబడగానే తనూ కొంగు నెత్తిన కప్పుకుని మొగుడి పక్కనే కూలబడింది.

"నీకేమైందమ్మా?" అన్నాడు సర్వేయరు.

"నేను గూడ అలిగిన. రేపు రా."

తెల్లారేసరికి బొక్క ఖాళీ. మట్టిలో తోక ఈడ్చిన గీత గుట్టవైపు పోయింది. సర్వేయరు గొలుసు పట్టి ఆ మూల నుంచి ఈ మూలకు కొలిచి, "ఈడ ఏ అలుగూ లేదు" అని తేల్చాడు.

"అవు సారూ, లేదు" అన్నాడు మైసయ్య, అలగకుండా.