పద్దెనిమిది ప్రాసెసర్ల దొంగతనం

కాన్‌బెరాలో నేనొక దొంగతనం కనిపెట్టి, ప్రభుత్వ ఆఫీసుకు తాళాలు వేయించిన వైనం చెబుతాను. దొంగ లేడు, పోయిన వస్తువూ లేదు. పోవాల్సింది నా ఉద్యోగం, అదెలా నిలిచిందో వింటే మీకు నవ్వాగదు.

అప్పట్లో నేను గంగాలిన్ అనే శివారు నుంచి ట్రామెక్కి ఆ ఆఫీసుకు వెళ్లే కాంట్రాక్టరుని. పని మెయిన్‌ఫ్రేమ్ మీద. ఆ పెద్ద యంత్రాన్ని లోలోపల వాటాలుగా పంచి, బృందానికొక వర్చువల్ మెషీన్ ఇస్తారట. ఆ సంగతి నాకు తెలియదు. తెలిసినట్టే తలాడించాను. శుక్రవారం నా కాంట్రాక్టు పొడిగింపు తేలాలి మరి, అడిగితే లోకువైపోనూ!

"మేట్, ఆడిట్ లిస్టులో ఇరవై ప్రాసెసర్లున్నాయి. నీ మెషీన్ లోపల్నుంచే అసలు యంత్రం వివరాలు చూసి, లెక్క సరిపోయిందో లేదో చెప్పు," అన్నాడు మేనేజర్ గ్లెన్.

"నో వరీస్!" అన్నాను.

ఆ వివరాలుండే ఫైలు తెరిచాను. బారెడు ఫైలు గిర్రున దొర్లి చివరి ముక్క దగ్గర ఆగింది. అక్కడుంది: ప్రాసెసర్లు, రెండు. నా ఫోన్లోనే ఎనిమిదున్నాయి కదండీ! పైకి జరిపి చూడొచ్చుగా అంటారా? అంత బుద్ధే ఉంటే మీకీ కథెందుకు చెబుతాను?

"పద్దెనిమిది ప్రాసెసర్లు కనబడుటలేదు" అని బ్రాంచి మొత్తానికీ, సెక్యూరిటీకీ కలిపి మెయిల్ కొట్టాను. పావుగంటలో మెషీన్ గదికి తాళం పడింది. ఇద్దరు సెక్యూరిటీవాళ్లు నోటుబుక్కులతో నా సీటు దగ్గరికొచ్చారు.

"వాటిని చివరిసారి ఎప్పుడు చూశావు?"

"అసలెప్పుడూ చూడలేదు."

"మరి పోయాయని ఎలా తెలుసు?"

స్క్రీన్ మీదున్న ఆ రెండంకెను వేలితో చూపించాను. పక్క సీట్లో గుంటూరు పద్మజగారు, ఇరవయ్యేళ్లుగా ఈ యంత్రంతోనే వేగుతున్నావిడ, లేచొచ్చి నా స్క్రీన్ పైకి జరిపారు.

"ఇదిగో బాబూ, పైన ఇరవై అని ఉందే, అదీ అసలు మెషీన్. కింద చివర్న రెండని ఉందే, అది మన వాటా. నువ్వు అద్దెగది కొలుచుకుని, మిగతా బిల్డింగ్ ఎవరో ఎత్తుకుపోయారని కంప్లైంట్ ఇచ్చావయ్యా!"

"మెల్లగా ఆంటీ, వాళ్లు వింటారు!"

"తెలుగులోనేగా తిడుతున్నా."

ఇంట్లో ఏం చెప్పాలో తెలియక నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

శుక్రవారం గ్లెన్ పిలిచాడు. "నీ కాంట్రాక్టు ఆరు నెలలు పొడిగిస్తున్నాం మేట్."

"ఇంత చేశాక కూడానా?"

"తప్పదు. నువ్వు పెట్టిన దొంగతనం కేసు మూసేదాకా, ఉన్న ఒక్క సాక్షినీ బయటికి పంపకూడదంది సెక్యూరిటీ."

ఆ క్షణమే ఆఫీసు కాఫీ మెషీన్ మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: ఏ ఫైలైనా మొదటి లైను నుంచి చదవనిదే, పద్మజగారికి రెండుసార్లు చూపించనిదే, ఈ జన్మలో దేన్నీ కనబడుటలేదని ప్రకటించను.